రోజ్ హిల్ దారిలో మా ఆవిడ నేర్చిన ఇంగ్లీషు

మా దీవిలో దక్షిణాన ఉన్న మా ఊరు షెమాన్ గ్రెనియే నుంచి రైల్లో సెయింట్ పియర్ వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మేము బయల్దేరింది సరదాకి కాదు. మా ఆవిడ నర్సమ్మ చెల్లెలు సెయింట్ పియర్‌లో ప్రసవించి, జ్వరంతో పడి ఉందని కబురొచ్చింది. తెల్లవారకముందే ఎడ్లబండి మీద సుయాక్ స్టేషన్ చేరాం. మూడో తరగతి టికెట్టు మాలాంటి చిన్న రైతులకు మోయలేని ఖర్చేమీ కాదు, బల్లలే గట్టివి. రోజ్ బెల్‌లో దిగి పెద్ద లైను బండి పట్టుకోవాలి. సంత రోజైతే అక్కడ నిలబడడానికీ చోటుండదు.

ఆ రెండో బండిలో మా ఎదురుగా అప్పన్న కూర్చున్నాడు. రోజ్ బెల్ దుకాణదారు కొడుకు, పోర్ట్ లూయిస్‌లో ఒక ఇంగ్లీషు వర్తకుడి దగ్గర గుమాస్తా. ఆ బండి గార్డు కొత్తగా వచ్చిన ఇంగ్లీషువాడు, ఇక్కడ అందరం మాట్లాడే క్రియోల్ ముక్క రాదు. అతని కేకలు మాకెవరికీ అర్థం కాకపోతే అప్పన్న విడమరిచి చెప్పసాగాడు.

“గెట్ ఆన్ అంటే ఎక్కమని, వదినా. గెట్ ఆఫ్ అంటే దిగమని. సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం.”

“మరి ఒట్టి గెట్ అంటే ఏటి?” అంది నర్సమ్మ.

“దానికదే ఉంటే ఒక అర్థం. పక్కన చిన్న మాట చేరిందంటే అర్థమే మారిపోద్ది.”

“కొత్త కోడలి పక్కన ఆడబిడ్డ చేరినట్టు!” అని ఆమె పకపకా నవ్వింది.

సాయంత్రాలు గుడి అరుగు మీద పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేవాణ్ణి నేను. పెళ్లయిన కొత్తలో ఆమె చేతా ఓనమాలు దిద్దించాను. అప్పుడు ఆవలించింది. ఇప్పుడేమో కళ్లు మెరుస్తున్నాయి, అడిగి మరీ చెప్పించుకుంటోంది. నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

క్యూర్‌పిప్‌లో చలి, సన్నటి వాన. నీళ్లు తెస్తానని దిగాను. దాహమై కాదు, ఆ నవ్వు వినలేక. ఇంతలో గార్డు ఈల వేశాడు. నర్సమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అరిచింది. “గెట్ ఆన్! ఏవండీ, గెట్ ఆన్!”

అర్థం కాక కాదు. ఆ మాట అప్పన్నది. అది ఆమె నోట నా మీదికి వచ్చేసరికి కాళ్లు కదలలేదు. బండి వెళ్లిపోయింది.

తర్వాతి బండి మధ్యాహ్నం గాని రాలేదు. అంతసేపూ స్టేషన్ బల్ల మీద కూర్చుని నేను చూసిందంతా నా మనసు కల్పించిందే. అతను ఆమెకు అరటిపండు ఇస్తున్నాడు, మూట దింపిపెడుతున్నాడు, ఇంకో మాట నేర్పుతున్నాడు. సెయింట్ పియర్ బండికి రోజ్ హిల్‌లో మారాలి. అక్కడ దిగేసరికి నర్సమ్మ మూట మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

“చెల్లి దగ్గరికి పోలేదా?”

“టికెట్లు రెండూ మీ జేబులోనే ఉన్నాయి కదా!”

“అతనేడి?”

“సీ ఆఫ్ చేసేశాను.”

“అంటే ఏం చేశావు?”

“సాగనంపాను. పోతూ పోతూ ఆ మాటా ఆయనే చెప్పాడు.” నా ముఖం చూసి కోపంగా అంది. “వెయిట్ ఫర్ అనీ చెప్పాడు. అంటే ఒకరి కోసం కాచుకోవడం. పొద్దున్నించీ అదే చేస్తన్నాను.”

పొద్దువాలే వేళకు సెయింట్ పియర్ చేరాం. దేవుడి దయవల్ల జ్వరం దిగిపోయింది. కానీ చెల్లెలు నర్సమ్మ చెయ్యి పట్టుకుని, “మద్దేన్నమంతా నీ పేరే పిలిచానే అక్కా” అంది. నర్సమ్మ నావైపు ఒక్కసారి చూసింది.

ఆ తర్వాత ఆ మాటలన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అడగడానికి నోరు రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఆమె నా కంటే ఓపికగా చెప్పింది, నేను ఆవలించలేదు. అసూయ పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ ఆమె సెట్ ఆఫ్ అంటే ఆ మాట వెనక అప్పన్న గొంతు వినిపిస్తుంది. అయితే ఎంత మండినా ఆమెతోపాటే బండెక్కుతాను.

వెళ్లేవారికి ఒక్క సలహా. గార్డు “లుక్ అవుట్” అని అరిస్తే బయటికి చూడమన్నాడనుకుని కిటికీలోంచి తల బయట పెట్టకండి. జాగ్రత్త అని దాని అర్థం. తల లోపలికి తీసుకోండి.