సీలు తీయని గద్దోడు

దెయ్యాలూ లేవు, గాలీ ధూళీ లేవు అని అడ్డంగా వాదించే రకం నేను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయేదాన్ని. అయినా ఇది రాయక తప్పడం లేదు, కళ్ళారా చూశాను కాబట్టి.

మాది కోవూరు. మా అన్న సైన్‌బోర్డులు రాస్తాడు. కామిక్ బొమ్మలంటే పిచ్చి. అందులోనూ కొమ్ములూ రెక్కలూ ఉన్న ఒక విలన్ అంటే ప్రాణం. ఇంగ్లీషులో వాడి పేరేదైనా మా ఇంట్లో మాత్రం గద్దోడే. రెండు కంపెనీలు చేసిన గద్దోడి బొమ్మలు కొన్నాడు. అమెరికా వాళ్ళది బరువుగా, గట్టిగా ఉంటుంది కానీ, ముఖం చూస్తే అప్పుడే నిద్ర లేచినట్టుంటుంది. జపాన్ వాళ్ళది చూస్తే గుండె ఝల్లుమంటుంది, ఒక్కో ఈకా విడివిడిగా చెక్కారు మరి. సీలు తీస్తే బొమ్మకు విలువ పోతుందట. అందుకని దాన్ని పెట్టె ముందున్న ప్లాస్టిక్ కిటికీలోంచే చూసుకునేవాడు. రెండింట్లో ఏది గొప్పో తేల్చే వీడియో తీద్దామని ఇద్దరం అనుకున్నాం.

అంతలో గూడూరు దారిలో బండి మీంచి పడ్డాడు. కుడి భుజం దగ్గర నరం దెబ్బతిని చెయ్యి వేలాడిపోయింది. కుంచె పట్టే చెయ్యి అది! వ్యాయామం చేస్తే రావచ్చన్నారు డాక్టరు. నెలలు గడిచినా కదలకపోయేసరికి అదీ మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు ఏడుపూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

ఒక ఆదివారం పొద్దున, వీడియో అయినా తీద్దాం లెమ్మని వాడి ప్రాణం తీశాను. రెండు బొమ్మలనూ బల్ల మీద పెట్టి ఫొటో తీశాను. జపాన్ గద్దోడి రెక్కలు రెండూ కిందికి వాలి, సన్నటి తీగలతో కట్టేసి ఉన్నాయి. అన్న అటు చూసి, "సీలు తీయకుండా వాడు రెక్క లేపినాడంటే నేనూ చెయ్యి లేపతా. పోమే," అన్నాడు.

అమ్మ విననే విన్నది. ఆ బొమ్మ ఇంటికొచ్చాకే కీడు మొదలైందని ఆమె నమ్మకం. ప్రార్థన నూనె తెచ్చి, పెట్టె మూత మీద, టేపు అంటించిన చోటే వేలితో సిలువ వేసింది. "నా బిడ్డ జోలికి రాబాక సైతానా," అని గదిమి, మమ్మల్నిద్దరినీ చర్చికి లాక్కుపోయింది. ఇంటికి తాళం వేసింది నేనే.

తిరిగొచ్చి చూద్దును కదా, పెట్టెలో గద్దోడి కుడి రెక్క పైకి లేచి ఉంది. దాన్ని కట్టిన తీగ అడుగున పడి ఉంది. మూత మీద టేపు అలాగే ఉంది. టేపు మీద నూనె సిలువ ఎక్కడా చెరగలేదు.

అమ్మ "యేసయ్యా" అంటూ కూలబడింది. నేను ఫోన్‌లో పొద్దుటి ఫొటో తెరిచి చూశాను. అందులో రెక్క కిందికే ఉంది. ఎండకు ప్లాస్టిక్ సాగిందంటారా? పక్కనే ఉన్న అమెరికా గద్దోడు ఇసుమంతైనా కదల్లేదే!

అన్న బల్ల ముందు కూర్చుని ఆ రెక్కనే చూశాడు. పళ్ళు బిగించాడు. ముఖమంతా చెమటలు పట్టాయి. కుడి చెయ్యి ఒడిలోంచి బెత్తెడు పైకి లేచింది.

"మాట అనేసినా కదమే," అని భోరుమన్నాడు. అమ్మా నేనూ వాణ్ణి పట్టుకుని ఏడ్చాం. అంత సంతోషం మా ఇంట్లో ఎన్నడూ ఎరగను.

ఆ తర్వాత వ్యాయామం మానలేదు. మొన్న ఒక కిరాణా కొట్టు బోర్డు మీద కుడిచేత్తోనే మొదటి అక్షరం రాశాడు. గీత కొంచెం వంకరపోయింది. దిద్దబోతే కొట్టాయన వద్దన్నారు.

నరం అతుక్కుందంటారు డాక్టరు. సరే, ఒప్పుకున్నాను. రెక్క సంగతి అడిగితే ఆయన నవ్వేశారు. తాళం వేసిన ఇంట్లో, సీలు తీయని పెట్టెలో ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. మా అన్న చెయ్యి మాత్రం లేచింది.