బాబాయి నేసిన ఎరుపు

మొన్న మంగళవారం బెజవాడ వన్ టౌన్‌లో మా ఇంట్లో బియ్యం ఏరుకుంటుంటే, ఉయ్యూరు దగ్గర మా పుట్టింటి నుంచి మనిషి వచ్చి బాబాయి పోయారని చెప్పాడు. నేను వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. గోళ్ల సందుల్లో ఎర్రరంగు మాత్రం వదల్లేదు. అది చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బాబాయి మగ్గం నేసేవారు. పెళ్లిళ్లకు ఆయన ఎర్రచీరే కావాలని వన్ టౌన్ కొట్లవాళ్లు అడిగి మరీ తీసుకెళ్లేవారు. నూలుకు రంగు వేసేటప్పుడు మమ్మల్నెవర్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. తడి నూలును ఎండకు పట్టి చూసి, "ఇంకొక్క మునక," అనుకునేవారు. ఆ ఒక్కటీ ఎప్పుడూ మూడయ్యేది.

జర్మనీతో యుద్ధం మొదలైన కొత్తల్లో మద్రాసు సినిమావాళ్లు ఆయనతో ఒక పెళ్లిచీర నేయించుకున్నారు. ప్రేమించినవాడికి దూరమైన పిల్ల, ఇంకొకరి పక్కన పెళ్లిపీటల మీదే ప్రాణం విడిచే కథ. సినిమా బెజవాడ రాగానే బాబాయి మమ్మల్నందరినీ కూడగట్టి తీసుకొచ్చారు. హాలంతా ముక్కులు చీదుతుంటే ఆయనొక్కరే నిటారుగా కూర్చున్నారు.

"నల్లగా ఉందేమిటే?" అన్నారు నాతో.

తెర మీద ఎరుపు నలుపుగా కనబడుతుందని మాకెవరికి తెలుసు? వెనక ఒకావిడ, "పెళ్లికూతురికి నల్లచీర కడితే బతుకుద్దా?" అంది.

బాబాయి వెనక్కి తిరిగి, "అది ఎరుపండీ. నేనే నేశాను," అన్నారు.

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఊరుకోండి. అవతల పిల్ల చచ్చిపోతుంటే రంగు గొడవేంటి?" అని కసిరింది.

సినిమా నెలల తరబడి ఆడింది. ఆ చీర అచ్చిరాదన్న మాట అంతకంటే దూరం తిరిగింది. పెళ్లివాళ్లు బాబాయి ఎరుపు వద్దన్నారు. ఆయన రంగు బాన బోర్లించేసి, ఆకుపచ్చవీ నీలంవీ నేస్తూ కూర్చున్నారు. ఆ ఏడాదంతా ఆయన నవ్వగా నేను చూడలేదు.

తర్వాత నా పెళ్లి కుదిరింది. నాకు ఎర్రచీరే నేయమన్నాను. పిన్ని గుండెలు బాదుకుంది.

"వద్దే అమ్మడూ. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను," అన్నారు బాబాయి.

"చచ్చింది సినిమాలో పిల్ల. నీ చీరేం చేసింది బాబాయ్?"

మర్నాడు పొద్దున్నే పెరట్లో బాన కడుగుతున్న చప్పుడు వినిపించింది.

పెళ్లిలో అమ్మలక్కలు నన్ను చూసి గుసగుసలు పోయారు. నేను నిక్షేపంగా కాపురం చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాక, వాళ్లే కూతుళ్ల పెళ్లిళ్లకు ఒక్కొక్కరుగా ఆయన గుమ్మంలోకి వచ్చారు. బాబాయి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని.

మొన్న ఆయన్ని తీసుకెళ్లిపోయాక మగ్గం గదిలోకి వెళ్లాను. మగ్గం మీద సగం నేసిన ఎర్రచీర అలాగే ఉంది. ఎదుటి గోడ మీద నా పెళ్లి ఫోటో. అందులోనూ నేను నల్లచీరలోనే ఉన్నాను. ఆ పటం మేకుకు ఒక ఎర్ర పోగు వేలాడుతోంది.

"నీ చీరకు మిగిలిన పోగేనే," అంది పిన్ని. "ఎవరొచ్చినా అది పట్టి చూపించి, రంగు ఇదండీ అనేవారు."

కిటికీలోంచి గాలి వచ్చింది. పోగు ఊగి, ఫోటోలో నా నల్లకొంగు మీద ఎర్రగా వాలింది.