తేగల వాసన వచ్చే సీసా

మొన్న మా మేనల్లుడు గోవాలో ఏదో చిన్న డిస్టిలరీవాళ్ళు చేసిన విస్కీ అంటూ ఒక సీసా తెచ్చాడు. మూత తీయగానే, కుండలో తేగలు పెట్టి తాటాకు మంట వేస్తే వచ్చే పొగ వాసన గుప్పుమంది. గ్లాసు నా ముక్కు దగ్గరే ఆగిపోయింది.

ఆ వాసనకు పేరు పెట్టడం నాకు పరంధామయ్య గారి దగ్గర అలవాటైంది. డెబ్బైల చివర్లో, గుడివాడ స్టేషనుకు ఎదురుగా ఉన్న ఆయన లాడ్జీలో నేను గుమాస్తాను. ఆయనది దివిసీమ. ఓడల మీద ఉద్యోగం చేసి, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ మేడగదిలో స్థిరపడ్డారు. ఆయన దగ్గర వంద రకాల విస్కీ రుచి చూశానని అందరికీ చెబుతుంటాను. వంద కాదు, నాలుగో అయిదో. అయితే వాటి మీద కంపెనీ బొమ్మలుండేవి కావు. స్కాట్లండులో ఒక కొట్టాయన తనకు నచ్చిన పీపా ఒక్కటి కొని, సొంతంగా సీసాలకెత్తి, పీపా నంబరు రాసి అంటించేవాడట. "ఆ పీపా అయిపోతే ఆ రుచి మళ్ళీ దొరకదోయ్" అనేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు మేడ మీద కూర్చునేవాళ్ళం. గుక్క వేసే ముందు వాసన దేనిలా ఉందో చెప్పాలి. "బాగుంది" అనకూడదు. మొదటి రోజు నేను, "పియర్ పండండీ, ఓక్ చెక్కండీ" అని దంచేశాను.

"పియర్ పండు ఎప్పుడైనా తిన్నావా?"

"లేదండీ, పుస్తకంలో చదివాను."

"అయితే పుస్తకాన్నే తాగు. గ్లాసిటివ్వు."

నిజంగానే లాక్కున్నారు. మరుసటి వారం పొగ వాసన సీసా ఒకటి తీస్తే, భయపడుతూ "కాల్చిన తేగలండీ" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ వాసన చూసి, "నాకూ" అన్నారు. ఆ వారమంతా లాడ్జీ నాదే అన్నట్టు తిరిగాను.

తర్వాత ఉప్పెన వచ్చింది. దివిలో ఆయన అక్కగారి ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ కొట్టుకుపోయారు. ఆయనతో నేనూ వెళ్ళి వెతికాను. ఒక్కరూ దొరకలేదు. తిరిగొచ్చాక ఆయన మేడ దిగడం మానేశారు. కాఫీ ఇస్తే వాసన చూసి పక్కన పెట్టేవారు, అన్నమూ అంతే. మనిషి సగమైపోయారు. ఎవరెన్ని చెప్పినా మెతుకు ముట్టలేదు. ఒక ఆదివారం ఆయనే పిలిచి, ఆ తేగల సీసాలో అడుగున మిగిలింది రెండు గ్లాసుల్లో పోసి, "చెప్పు" అన్నారు.

ఆయన్ను నవ్విద్దామని ఎత్తుకున్నాను. "తేగలండీ, పుట్టతేనె, మాగిన పనసతొన..." అంతలో గ్లాసు దించేశాను. "కాదండీ. బురద. అక్కడి బురదే. వచ్చిన దగ్గర్నుంచీ నాకు అన్నిట్లోనూ అదే వాసన."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మీకు గుర్తు చెయ్యడమెందుకని."

ఆయన తన గ్లాసెత్తి వాసన చూశారు. "నాకూ" అన్నారు. "నా ఒక్కడికే అనుకున్నానోయ్. పిచ్చెక్కుతోందనుకున్నాను." గ్లాసు పక్కన పెట్టి, "కింద హోటల్లో రెండు క్యారియర్లు చెప్పు" అన్నారు.

ఆ పూట ఆయన నా భుజం మీద తల వాల్చి ఏడ్చారని చెబుతుంటాను. ఏడవలేదు. నా వంతు గోంగూర కూడా ఆయనే తినేశారు. బురద వాసనతోనే తిన్నాం ఇద్దరం.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మేనల్లుడి సీసా మీద వాసనల పేర్లు వరసగా అచ్చేసి ఉన్నాయి. చదవలేదు. "తేగలు" అన్నాను పైకే. మళ్ళీ వాసన చూసి, "వెనకాల సన్నగా బురద" అన్నాను.

మేనల్లుడు ఫోను మీంచి తలెత్తకుండా, "బాగుందా మావయ్యా?" అన్నాడు.

"బాగుందిరా" అన్నాను.