పేరులేని ప్రతివాడూ థ్రెలే

కథలో పేరులేని మనిషి కనబడితే చాలు, అతను మారువేషంలో ఉన్న డిటెక్టివ్ థ్రెల్ అని తేల్చేయడం ఓట్లీ గారి జబ్బు. సోడా తెచ్చిన బేరరు థ్రెల్. రైల్లో తుమ్మిన ఫాదరీ థ్రెల్. ఒక కథలో శవానికి పేరు లేదు.

"చచ్చినట్టు నటిస్తున్నాడు," అన్నారాయన.

"పాతిపెట్టేశారు కదండీ!" అంది హిల్డా.

"అదే మరి ఆయన గొప్పతనం!"

లండన్‌లోని థ్రెల్ అభిమాన సంఘానికి హిల్డా కార్యదర్శి. నెలకో శనివారం మధ్యాహ్నం ఒక పబ్బు మేడమీద సమావేశం. బయట పొగమంచు, లోపల బొగ్గు చాలని పొయ్యి. ఇరవై ముగ్గురు సభ్యుల్లో యుద్ధం కొందరిని, న్యుమోనియా కొందరిని పట్టుకుపోగా ఏడుగురు మిగిలారు. హిల్డా భర్త ఆర్థర్ కూడా మూడేళ్ళ కిందట న్యుమోనియాతోనే పోయాడు. ఈ సంఘమే లేకపోతే నెల పొడుగునా ఆవిడతో మాట్లాడేది పాలవాడొక్కడే. అదీ, "ఒక సీసానా, రెండా?" అని.

సంఘం పెట్టిన మహానుభావుడు ఒక దిక్కుమాలిన నియమం రాసి మరీ పోయాడు. చర్చకు కొత్త కథ దొరకని నెల సంఘం మూసెయ్యాలి. థ్రెల్ కథలు పన్నెండే, అవి ఎప్పుడో అయిపోయాయి. వాటిని రాసిన రచయితే పాత పత్రికల్లో రాసి అందరూ మరిచిపోయిన కథల్లో థ్రెల్ జాడ ఉందని సభ్యులు చేతులెత్తితే మాత్రం చెల్లుతుంది. అలాంటివి తవ్వి తెచ్చేది ఓట్లీ గారే.

అధ్యక్షుడు క్రౌదర్ రిటైరైన మేజిస్ట్రేటు. ఆయనకిదంతా ఒళ్ళుమంట.

"థ్రెల్ ఎడమచేతికి గ్లవ్ తియ్యడు. మీవాడికి ఆ గ్లవ్వేదండీ?"

"గుర్తుపడతారని తీసేశాడండీ."

హిల్డా పడీపడీ నవ్వేది. జనం విసుక్కుంటూనే చేతులెత్తేవారు.

నవంబరు సమావేశానికి ఓట్లీ గారు రాలేదు. మంచం పట్టారట. "మూడింటిదాకా చూస్తాను. కథ రాకపోతే తాళమే," అన్నాడు క్రౌదర్. హిల్డా లేచింది. రెండు వీధుల అవతల ఆయన అద్దెగదికి ఆ మంచులోనే పరుగెత్తింది.

ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని దగ్గుతున్నారు. "అయిపోయాయమ్మా. ఇదొక్కటే మిగిలింది," అంటూ కాగితం ఇచ్చారు. దగ్గుమందు ప్రకటన కోసం ఆ రచయిత రాసిన అరపేజీ కథ. అందులో ఓ ముసలావిడ, ఓ పిల్లి, గడప దగ్గరో మందుసీసా, అంతే.

"ఇందులో థ్రెల్ ఎక్కడున్నాడండీ?"

"ఏ కథలో ఉన్నాడు గనక! నాకసలు డిటెక్టివ్ కథలే పడవు. రెండో పేజీకి నిద్రొస్తుంది."

హిల్డా నోరు వెళ్ళబెట్టింది. "మరి మూడేళ్ళుగా ఈ గోలంతా ఎందుకండీ?"

"ఆర్థర్ పోయిన నెలలో మీరొచ్చి పలుకూ ఉలుకూ లేకుండా కూర్చున్నారు. కథలైపోయాయి, మూసేద్దామన్నాడు క్రౌదర్. మీ మొహం చూడలేకపోయాను. ఏదో పాత పత్రికలో కథ గుర్తొచ్చి, అందులో పోస్టుమానే థ్రెల్ అని నోటికొచ్చింది అనేశాను. మీరు ఫక్కున నవ్వారు. ఇక మానలేకపోయాను."

హిల్డా కళ్ళు నిండాయి. మరుక్షణం కోపమూ వచ్చింది. "మూడేళ్ళు నన్ను ఊరికే వాదనకు దింపారన్నమాట! నోర్మూసుకుని పడుకోండి. సూపు తెస్తాను."

మూడింటికి ఒక్క నిమిషం ముందు ఆవిడ కథ చదివి వినిపించింది.

"మగమనిషే లేడు కదమ్మా!" అన్నాడు క్రౌదర్, తాళంచెవి తీస్తూ.

"ముసలావిడ తలుపు తీసేసరికి గడప దగ్గర మందుసీసా ఉందా లేదా? అదెవరు పెట్టారండీ? పెట్టినవాడు కనబడ్డాడా? పేరు చెప్పాడా?"

క్రౌదర్ ఓట్లీ గారి ఖాళీ కుర్చీ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ సంఘంలో నమ్మదగ్గ సాక్ష్యం వినడం ఇదే మొదటిసారి," అని అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. "సరే, వచ్చే నెలకేముంది?"

"పళ్ళపొడి ప్రకటన."

"అదీ ఆయన రాసిందేనా?"

"రాయకపోతే నేను రాస్తాను," అంది హిల్డా.