పన్నెండో నంబరు తీగలు

మా ఇంట్లో ఒక కథ చెప్పుకునేవారు. తాతగారి ఎదుట ఒక వైణికుడు వాయిస్తూండగా తీగ తెగిందట. ఆయన కొత్త తీగ కట్టుకున్నంతసేపూ తాతగారు ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి గడియారం తీసి, మూత తెరిచి, అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. విద్వాంసుడి చేతులు వణికి తీగ రెండుసార్లు జారిపోయింది. కథ ఇక్కడికి రాగానే అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. మా తాతగారి ముందు వాయించడమంటే మాటలా అనుకునేదాన్ని.

ఆ గడియారాన్ని నేను చూడలేదు. నేను పుట్టేసరికే అది పోయింది, దాంతోపాటు చాలా పోయాయి. కచేరీలు జరిగిన మా హాల్లో ఇప్పుడు కోచింగ్ సెంటర్ నడుస్తోంది. అందరికన్నా చివర గడప దాటింది నాయనమ్మ వీణ. అది వెళ్ళేలోగా ఆమె నాకు ఎనిమిదేళ్ళు నేర్పింది, లోపలి గదిలో, తలుపు వేసి. మా ఇంటి ఆడవాళ్ళు వాయించేవారు, కానీ బయటివాళ్ళకు వినిపించేవారు కారు. అది ఎవరూ రాసిపెట్టని నియమం. తన వేలి మీద తీగ కోసిన గాటు చూపించి నాయనమ్మ ఒకే మాట పదేపదే అనేది: "తీగ బరువుగా ఉండాలే తల్లీ. తేలిక తీగ కీచుమంటుంది, నాదం పలకదు."

ఆ మాట పట్టుకునే నేను స్కార్‌బరోలో ఆ తప్పు చేశాను.

స్టూడెంట్‌గా ఈ దేశం వచ్చిన రెండో ఏడు. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఐదుగురు అమ్మాయిలం. ఉద్యోగం దొరికి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతూ ఒక సీనియర్ తన ఎలక్ట్రిక్ గిటార్ నాకు ఇచ్చేసి వెళ్ళింది. వీణలాగే దానికీ మెట్లున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గదిలో ఇంకెవరికీ వినబడదు. తలుపు మూసుకోవడానికి సొంత గది లేనిచోట అదే నా తలుపు. రోజూ కాఫీ కౌంటర్ షిఫ్ట్ నుంచి వచ్చి ఒక గంట వాయించుకునేదాన్ని.

పక్క మంచం అమ్మాయిది కరీంనగర్. కాలేజీ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తుంది. నేను నిటారుగా కూర్చుని తింటానని, పళ్ళెం కింద పేపర్ వేసుకుంటానని నన్ను "దొరసానీ" అని పిలిచేది. ఒకరోజు నా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉండగా, నాకు తెలియకుండా నా గిటార్‌ని స్పీకర్‌కి కూడా కలిపి, నేను వాయిస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి, తెలుగు స్టూడెంట్స్ గ్రూపులో పెట్టేసింది.

"ఎవరినడిగి పెట్టావు?" అన్నాను.

"అడిగితే వద్దంటవని అడగలే. మంచిగ వాయిస్తున్నవ్, నలుగురు వింటే ఏం పోతది?"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మిస్సిసాగా నుంచి ఫోన్ వచ్చింది. ఆ వీడియో చూసిన ఒక కూచిపూడి టీచరు. పగలంతా ఐటీ ఉద్యోగం, సాయంత్రాలు డాన్స్ క్లాసులు. ఆమె శిష్యురాలు ఒక పదహారేళ్ళ అమ్మాయి రంగప్రవేశం వచ్చేవారం శనివారం. ఇండియా నుంచి రావాల్సిన వయొలిన్ ఆయనకు వీసా రాలేదు. మిగతా అంశాలు రికార్డు చేసిన ట్రాక్ మీద నడిపించుకుంటారట.

"కానీ తోడి రాగంలో అభినయించే పదం ఒక్కటీ ట్రాక్ మీద చెయ్యలేనమ్మా. అమ్మాయి ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగాలి కదా. నేను పాడతాను, నువ్వు వెనక వాయిస్తావా? రేపు మూడింటికి రిహార్సల్. నీతో కుదరకపోతే దానికీ ట్రాకే, ఇంక వేరే దారి లేదు."

ఆలోచించకుండా వాయిస్తానన్నాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరూ వేదిక మీద కూర్చోలేదు. వేదికకు ఎదురుగా, ముందు వరసలో కూర్చున్నవాళ్ళం. అయినా నాకది కావాలి. ఏడాదికి పైగా ఆ ఊళ్ళో నన్ను చూసినవాళ్ళందరూ కాఫీ కప్పుకు మూత బిగించే పిల్లగానే చూశారు. నాకు ఇంకొకటి కూడా వచ్చని ఒక్కసారి, నలుగురి ముందు, తేలాలి.

గిటార్ మీద ఉన్న తీగలు సీనియర్ నాటివి, తుప్పు పట్టి ఉన్నాయి. ఆ సాయంత్రమే పై తీగ తెగింది.

"తొమ్మిదో నంబర్ తీస్కో," అంది పక్క మంచం అమ్మాయి. "నువ్వు తీగని గుంజుడు చూస్తుంటే నాకే భయమైతది. సన్నవైతేనే నీకు నడుస్తయ్."

"సన్న తీగలు సినిమా పాటలకి. నాకు తెలుసు నాకేం కావాలో."

"సరే దొరసానీ. మేమేదో కూలోళ్ళం, మాకేం తెలుస్తది."

మర్నాడు పొద్దున, వాద్యాల దుకాణం తెరిచేవేళకే వెళ్ళాను. గోడ నిండా తీగల పొట్లాలు. ప్రతి పొట్లం మీదా ఒక నంబరు, అందులోని అతి సన్నని తీగ మందమెంతో చెప్పేది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్నాయి. నంబరు పెరిగినకొద్దీ తీగ లావు. నెరిసిన జుట్టు పిలక కట్టుకున్న పెద్దమనిషి కౌంటర్ వెనక నుంచి వచ్చి, ఏం వాయిస్తావు, ఎలా వాయిస్తావు అని అడిగాడు. సాయం చేద్దామనే అడిగాడు. నాకు మాత్రం పరీక్ష పెడుతున్నట్టు అనిపించింది. దుకాణదారు నన్ను ప్రశ్నించడమేమిటి? చెయ్యి చాచి పన్నెండో నంబరు పొట్లం తీసుకున్నాను.

"ఇవి గట్టిగా ఉంటాయి, తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు," అన్నాను.

ఇంటికొచ్చి కట్టాను. బిగిస్తుంటే గిటార్ చెక్క కిర్రుమంది. మీటితే నాదం నిండుగా, గుండ్రంగా వచ్చింది. నాయనమ్మ మాట నిజమైందని పొంగిపోయాను. ఒక్కొక్క స్వరం మీటి చూసుకున్నానే తప్ప తీగను లాగి చూడలేదు. టైము లేదు. రెండు బస్సులు, మధ్యలో సబ్‌వే. భుజాన గిటార్‌తో మార్చి నెల బురద మంచులో నడిచి వెళ్ళేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది.

ఆ టీచరు గారి టౌన్‌హౌస్ కింది అంతస్తులో రిహార్సల్. గజ్జెలు కట్టుకుని అమ్మాయి సిద్ధంగా ఉంది. టీచరు గారు శ్రుతిపెట్టె పెట్టారు. పదం మొదలైంది.

తోడిలో గాంధార స్వరం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. వీణ మీదైనా గిటార్ మీదైనా ఆ ఊపు రావాలంటే తీగను మెట్టు మీద పక్కకు లాగాలి. లాగాను. తీగ కదల్లేదు. ఇంకా బలంగా లాగాను. సగం దూరం వచ్చి ఆగిపోయింది. టీచరు గారి గొంతులో గాంధారం ఊగుతోంది, నాది దాని కింద ఎక్కడో మూలుగుతోంది. మూడో ఆవర్తానికి వేలు కోసుకుపోయింది. ఆపలేదు. ఆపితే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆగింది ఆ అమ్మాయే. చేతిలోని ముద్ర అలాగే ఉంచి, మెల్లిగా, ఏ కల్మషమూ లేకుండా అంది: "ఆంటీ, ఇట్ సౌండ్స్ ఫ్లాట్." శ్రుతికి కిందుగా ఉందని.

టీచరు గారు గోడ గడియారం వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఐదింటికి ఇంకో క్లాసు ఉంది, అంతే. కానీ నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆ కథలో నేనెప్పుడూ తాతగారి కుర్చీ వెనకే నిలబడి ఉండేదాన్ని. ఆ వైణికుడి పక్కన కూర్చుని చూడటం అదే మొదటిసారి.

"ఆ వీడియోలో బాగా పలికింది కదమ్మా, ఇవాళ ఏమైంది?"

తీగలు మార్చానని చెప్పలేకపోయాను. తీగ మీద తప్పు నెట్టడం మా ఇంటా వంటా లేదు.

"రేపు పదకొండింటికి ఒకసారి చూద్దాం," అన్నారామె. "రేపూ ఇలాగే అయితే మాత్రం ట్రాకే. పిల్ల మూడేళ్ళు కష్టపడింది, నేను రిస్క్ తీసుకోలేను. ఏమీ అనుకోకు."

తిరుగు బస్సులో నోట్లో వేలు పెట్టుకుని కూర్చున్నాను. దుకాణం ఏడింటికి మూస్తారు. ఆరున్నరకు దిగాను. గడప దగ్గర ఒక నిమిషం నిలబడిపోయాను. లోపలికి వెళ్ళడం కష్టం కాదు. లోపల అనాల్సిన మాట కష్టం. పెద్దమనిషి నన్ను గుర్తుపట్టాడు, నా వేలు కూడా చూశాడు.

"నాకు తెలియదు," అన్నాను. "మీరు చెప్పండి."

ఒక గిటార్ తెచ్చి నా చేతికిచ్చి, వాయించమన్నాడు. వాయించాను. తీగను ఎంత దూరం లాగుతున్నానో వంగి చూశాడు. నువ్వు నేర్చుకున్న వాద్యం దీనికన్నా కింది శ్రుతిలో మోగుతుందా అని అడిగాడు. చాలా కింద అన్నాను. అదే సంగతి అన్నాడు. కింది శ్రుతిలో లావు తీగ వదులుగా ఉంటుంది, లాగితే వస్తుంది. అదే లావు తీగను ఇంత పైకి బిగిస్తే ఇనుప కడ్డీ అవుతుంది. ఎనిమిదో నంబరు పొట్లం నా ముందు పెట్టాడు. నాయనమ్మ అన్నది తప్పు కాదు. ఆమె వీణ గురించి అంది. గిటార్‌కి అంటగట్టింది నేను.

ఇంటికి వెళ్ళి పొట్లాన్ని పక్క మంచం అమ్మాయి ముందు పెట్టాను.

"నేను తొమ్మిది అంటే ఎనిమిదికి దిగినవా!" అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "జరుగు, నేను కడ్త. నీ వేలు పనికి రాదిప్పుడు."

తీగలు కట్టి, ఒక్కొక్కదాన్నీ పైకి లాగి సాగదీసి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ సాగదీసింది. "కొత్తవి జారుతయ్. రేపు మధ్యల జారితే ఆపి సరిచేస్కో. సిగ్గుపడకు, అందరం ఆపుతం." పొద్దున వేలికి బ్యాండేజీ కూడా ఆమే చుట్టింది.

ఆదివారం పదకొండు. టీచరు గారి లాప్‌టాప్ పక్కనే తెరిచి ఉంది, ట్రాక్ సిద్ధంగా. పదం మొదలైంది. గాంధారం వచ్చింది. వేలు మండుతోంది కానీ తీగ నా మాట వింటోంది. ఆమె గొంతు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తోంది. అనుపల్లవి సగంలో ఉండగా, పక్క మంచం అమ్మాయి చెప్పినట్టే, పై తీగ జారింది. నాకు తెలిసింది. ఇంకెవరికైనా తెలిసిందో లేదో. వేలి బిగింపుతో ఎలాగో కప్పిపుచ్చి లాక్కుపోవచ్చు. నిన్నటి నేనైతే లాక్కుపోయేదాన్నే.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. "నా శ్రుతి తప్పింది."

పాట ఆగింది, గజ్జెలు ఆగాయి. గదిలో శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతోంది. మర తిప్పి తీగ బిగిస్తున్నాను. తల ఎత్తలేదు. ఎవరైనా గడియారం చూశారేమో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"టేక్ యువర్ టైమ్, అక్కా," అంది ఆ అమ్మాయి.

తీగ కలిసింది. అనుపల్లవి మళ్ళీ ఎత్తుకున్నాం. చివరి ముద్రలో ఆ అమ్మాయి తను ఆగాల్సినంతసేపు ఆగింది. ఆమె కోసం నేనూ, నా కోసం టీచరు గారూ ఆగాం.

ఆవిడ లేచి లాప్‌టాప్ మూసేశారు.

"శనివారం నాలుగింటికల్లా హాల్‌కి వచ్చెయ్. ఇంకో సెట్ తీగలు దగ్గర పెట్టుకో. నీకేవి కావాలో తెలుసు కదా?"

"తెలుసండీ," అన్నాను.