సబ్బక్క బండి ఎందుకు కాగింది

“నీ బండి కొండెక్కుతుందా, లేక నీళ్లు కాచుకోవడానికి తెచ్చావా?”

క్వారీ మేనేజరు ఈ మాట అడిగేసరికి సబ్బక్క కొండదారి మలుపులో, ఆవిర్లు కక్కుతున్న తన లారీ పక్కన నిలబడి ఉంది. లారీ వెనక ట్రైలర్, ట్రైలర్ మీద రాళ్లు నలిపే క్రషర్, ఆ వెనక హారన్లు కొడుతున్న టిప్పర్ల వరస. పైకి దారి ఒక్కటే. ఆమె కదిలితే తప్ప ఎవరూ కదలరు.

“ఎక్కుతుంది మేనేజర్ గారూ. కాస్త చల్లారనివ్వండి. మీరూ చల్లారండి,” అంది.

టిప్పర్ల వాళ్లు నవ్వారు. మేనేజరు నవ్వలేదు.

“ఇలా ఆగడం ఇది రెండోసారి. వచ్చే వారం జనరేటర్ పైకి రావాలి. అప్పుడు కూడా దారిలో ఆగావంటే, పెద్ద బరువులన్నీ కొత్త బండి కొన్నాడే, అతనికిచ్చేస్తా. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవొద్దు.”

“ఏడ్చే అలవాటు లేదండీ. మా ఆయనకుంది,” అంది సబ్బక్క.

మాటకు మాట అనేసింది గాని లెక్క ఆమెకూ తెలుసు. ఆ చుట్టుపక్కల అంత బరువు లాగే పని ఇచ్చేది క్వారీ ఒక్కటే. అది పోతే ట్రైలర్ని తుక్కు కింద అమ్ముకోవాలి. ట్రైలర్ లేని ఆ లారీని ఎవరూ పనికి పిలవరు.

ఆమె గురించి ఎవరు రాసినా ‘ధైర్యం’తో మొదలుపెడతారు. లారీ తోలడానికి కావలసింది ధైర్యం కాదు, గట్టి నడుము. భర్త పోయాక గుండె దిటవు చేసుకుని స్టీరింగ్ పట్టిందని ఒక పత్రికలో వేశారు. ఆ పత్రికను భర్తే కొని తెచ్చి, అద్దాలు పెట్టుకుని, ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు. ఆయన టైలరు. బండెక్కితే వాంతులు. అసలు సంగతి ఏమిటంటే, సబ్బక్క పెళ్లయిన కొత్తలో ఒక లారీ షెడ్డులో గుమాస్తాగా చేసేది. డ్రైవర్ల జీతాలు రాసేది తనే కనక, తన జీతం కంటే అవి ఎంత ఎక్కువో కళ్లారా చూసింది. వెళ్లి లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. స్ఫూర్తి అనేది ఏదైనా ఉంటే అంతే.

సబ్బక్క అన్న పేరు తోటి డ్రైవర్లు పెట్టింది. స్పిన్నింగ్ మిల్లు గోడ పక్కన ఆమె బండి పెట్టుకుంటుంది. మిల్లు నుంచి దూదిపింజలు ఎగిరొచ్చి బండి ముఖానికి అంటుకుంటాయి, పైన క్వారీ దుమ్ము ఎలాగూ ఉంటుంది. సాయంత్రం కాగానే సబ్బునురగ పట్టించి, ప్రెజర్ పంపుతో ముందు జాలీ మీద నీళ్లు కొట్టి, మెరిసేదాకా వదలదు. “లారీయా, పెళ్లికూతురా?” అని ఎవరైనా అంటే, “నీ బండి పక్కన పెడితే ఏదైనా పెళ్లికూతురే,” అనేది.

బండిని షెడ్డుకు తెచ్చింది. మెకానిక్ ముసలివాడు, ఆమెకు వరసకు బాబాయి, చెయ్యి పెట్టిన ప్రతి ఇంజనూ తన మాట వింటుందని ఆయన నమ్మకం. ముందు థర్మోస్టాట్ పీకేశాడు. ఇంజన్లో నీళ్లు తగినంత వేడెక్కాక రేడియేటర్ వైపు దారి తెరిచే చిన్న బిళ్ల అది.

“కాగే బండికి ఇదో దండగ, అమ్మాయ్. తలుపు తీసేశాను, ఇక నీళ్లు వాటి ఇష్టం.”

గుణం కనిపించలేదు. నీళ్ల పంపు మార్చాడు. ఉత్త బండిని ఊరి చివరిదాకా తోలి చూస్తే వేడి ముల్లు మధ్యలోనే కదలకుండా కూర్చుంది. బాబాయి మీసం దువ్వుకున్నాడు. సబ్బక్క ఒప్పుకోలేదు. షెడ్డులో తుప్పు పట్టిపోతున్న రోడ్డు రోలర్ని ట్రైలర్ మీదికి ఎక్కించి మళ్లీ తోలింది. వంతెన ఎత్తు ఎక్కేలోపే ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక సలహాలు మొదలు. అనుభవజ్ఞుల మాట వినాలంటారు గాని, ఆ అనుభవజ్ఞులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. బండి ముసలిదైపోయింది, అమ్మెయ్యమన్నాడు ఒకడు. పెద్ద గేరులో మెల్లగా లాగితే కాగదన్నాడు ఇంకొకడు.

“పెద్ద గేరులో లాగితే ఇంజను మూలుగుతుంది, ఫ్యాను నిద్రపోతుంది. ఎత్తు రాకముందే గేరు దించుతాను నేను. నాకు తోలడం నేర్పకు,” అంది.

ఆ మాట నిజమే. చిక్కల్లా, ఆమెకు తన మాటలన్నీ అంతే నిజమనిపించడం.

మధ్యాహ్నం భర్త భోజనం క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. సంగతంతా విన్నాడు.

“గాలి సరిగ్గా ఆడుతోందా?” అని అడిగాడు.

బాబాయి ఫక్కున నవ్వాడు. “అల్లుడూ, ఇది చొక్కా కాదయ్యా.”

“జాలీ చూడు, అద్దంలా ఉంది. కావాలంటే తల దువ్వుకో,” అంది సబ్బక్క. “నా బండిలో మురికేమిటి?”

“మురికని నేనన్నానా? కొట్లో గాలి లాగే ఫ్యాను పని చేస్తోందో లేదో గుడ్డపీలిక పెట్టి చూస్తాను. అంటుకుంటే గాలి ఉన్నట్టు. అంతే.”

జేబులోంచి పీలిక తీశాడు. ఇంజను తిప్పమన్నాడు. జాలీ అంచున పెడితే పీలిక చటుక్కున అతుక్కుంది. మధ్యలో పెడితే జారి కింద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. సబ్బక్క బండి దిగొచ్చి పీలిక లాక్కుని తనే పైనా కిందా అంతటా పెట్టి చూసింది. అంచుల్లో తప్ప ఎక్కడా నిలవలేదు.

“బాబాయ్, ముందున్నవి రెండూ విప్పు,” అంది.

ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ముందు ఉంటుంది, దాన్ని ఆనుకుని వెనక రేడియేటర్. రెంటి మధ్యా వేలు పట్టేంత సందు.

“విప్పాలంటే పొద్దుపోతుంది అమ్మాయ్. గట్టిగా నీళ్లు కొట్టేద్దాం.”

“నీళ్లొద్దు!” అని అరిచింది. ఆ నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ విని ఉండరు.

విప్పారు. ముందునుంచి చూసినా శుభ్రం, వెనకనుంచి చూసినా శుభ్రం. సందులో మాత్రం బూడిదరంగు దుప్పటి. దూది, దుమ్ము, సబ్బు కలిసి గట్టిపడి, ఊడదీస్తే చిరగకుండా చాపలా వచ్చింది. తేలిక బరువుకు అంచుల్లోంచి దూరే గాలి సరిపోయింది. ట్రైలర్ తగిలించగానే ఊపిరాడలేదు. టైలరు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“మంచి నాణ్యం. లైనింగ్ వేస్తే కోటవుతుంది.”

సబ్బక్క దాన్ని అందుకుని వాసన చూసింది, తన సబ్బే. ముందునుంచి తను నీళ్లు కొట్టినకొద్దీ మురికి బయటికి పోలేదు, సందులోకి పోయింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. బాబాయి మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు.

“నవ్వు బాబాయ్, కడుపుబ్బుతుంది. నేను కడిగి మురికిని లోపల పెట్టాను. నువ్వు బాగుచేసి మంచి పంపుని తుక్కులో పడేశావు. ఇద్దరం సమానం. ఇక ఆ థర్మోస్టాట్ తిరిగి బిగించు.”

“అదెందుకమ్మాయ్ ఇప్పుడు?”

“కంపెనీవాడు సరదాకి పెట్టలేదు కనక.”

జనరేటర్ రోజు ఎండ మండిపోతోంది. కొండ మొదట్లోనే సబ్బక్క గేరు దించింది. ఇంజను ఒకే శ్రుతిలో అరుస్తూ ఎక్కింది. మలుపు దగ్గరికొచ్చేసరికి ముల్లు సగం దాటి ఒక్క గీత పైకి జరిగి, అక్కడే ఆగింది. ఎదురుగా పైనుంచి ఖాళీ టిప్పర్ దిగుతోంది. మలుపులో జీపు పెట్టుకుని నిలబడ్డ మేనేజరు రెండు చేతులూ ఎత్తి ఆమెను ఆగమన్నాడు. ఆ ఎత్తులో ఆగితే అంత బరువుతో మళ్లీ కదలడం కష్టం. సబ్బక్క హారన్ మీద చెయ్యి పెట్టి, తియ్యలేదు. టిప్పర్ డ్రైవర్ ఆమె ముఖం చూశాడు, బండి వెనక్కి పోనిచ్చాడు.

పైకి చేరాక మేనేజరు జీపులో వెంటపడి వచ్చాడు.

“ఆగమంటే ఆగవేం? కళ్లు కనబడవా?”

“దారిలో ఆగితే పని పోతుందన్నది మీరే గదండీ,” అంది సబ్బక్క. ఇంజను వెంటనే కట్టెయ్యకుండా, నీళ్లు తిరుగుతూ చల్లబడేదాకా ఊరికే నడవనిచ్చింది.

మేనేజరు ముల్లు వైపు తొంగిచూశాడు, జనరేటర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఈ సీజను బరువులన్నీ నువ్వే తెచ్చెయ్యి,” అని జీపెక్కాడు. కొత్త బండి కొన్నతను ఇసుక తోలుకుంటున్నాడు.

సబ్బక్క ఇప్పటికీ సాయంత్రాలు బండి కడుగుతుంది. కాకపోతే క్యాబిన్ ముందుకు వంచి, ఇంజను వైపు నుంచి ముందుకు గాలి కొట్టాకే నీళ్లు ముట్టుకుంటుంది. బరువులన్నీ ఆమెవే. ఆ జనరేటర్ ట్రిప్పు కిరాయిలో సగం మాత్రం క్వారీవాళ్లు ఇంకా ఇవ్వాలి.