లాండ్రీవారి సినిమా

లాండ్రీ షాపు ఆవిడకు సినిమా తీయడం రాదు. ఆ మాట అందరికంటే ముందు ఆవిడే చెబుతుంది.

"వచ్చినవాళ్ళు ఎలాగూ తీస్తున్నారు. రానివాళ్ళం మనమూ తీద్దాం" అని మొదటిసారి అన్నప్పుడు, మొగుడు ఇస్త్రీపెట్టె ఆపకుండానే, "తీద్దువుగాని, ముందు ఆ చొక్కాలకు గుండీలు చూడు" అన్నాడు. వారం తిరక్కుండా ఆయనే కెమెరామన్ అయ్యాడు. కెమెరా అంటే మూల పగిలిన ఫోను. దాన్ని బట్టల బండికి కట్టి తోసుకుంటూ పోవడమే. బేకరీలో పనిచేసే ఆడపడుచు హీరోయిన్. మూడు తీగలే మిగిలిన గిటారుతో మరిది సంగీతం. తీసిన సినిమాను ఓ పోటీకి పంపితే చెవులు పగిలిపోతున్నాయన్నారు. ఆవిడ తర్వాతి సినిమాలో ఇంకాస్త గట్టిగా వాయించమంది.

వేషాలకు కొదవలేదు. ఉతకడానికి వచ్చిన బట్టల్ని, ఉతికేలోగా ఓసారి వేసుకుంటే కొంపలేం మునిగిపోవని ఆవిడ లెక్క.

ఆదివారం సాయంత్రం షాపులోనే దుప్పటి కట్టి కొత్త సినిమా వేశారు. వీధివాళ్ళు బట్టల మూటల మీద కూర్చున్నారు. తన బట్టల కోసం వచ్చిన లాయరుగారు కూడా గుమ్మంలో నిలబడి చూడసాగాడు. తెరమీద ఆడపడుచు తోసిన తోపుకు విలన్ వెళ్ళి మురిక్కాలవలో పడ్డాడు. అందరూ గొల్లున నవ్వారు.

"అది నా కోటులా ఉందే" అన్నాడు లాయరుగారు.

"మీదేనండీ" అంది ఆవిడ. "రెండుసార్లు ఉతికాం. జేబు చిరిగితే కుట్టాను కూడా."

"నన్నో మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే ఇవ్వరని అడగలేదండీ" అని, కోటు తెచ్చి ఆయన ముందుంచి, "తప్పే" అంది.

ఆయన కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆయన వెనకే మరికొందరు గిరాకీలూ జారుకున్నారు.

"ఇక చాలు. అందరూ పోతే నేనేం ఇస్త్రీ చెయ్యను, నీ తలా?" అన్నాడు మొగుడు.

ఆవిడ ఆ పూటంతా మడతలు పెడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే ఓ అట్ట మీద పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించింది: "మీ బట్టలు సినిమాలో వేసుకోవచ్చా? వద్దంటే వద్దు."

"ఉన్న నలుగురికీ దారి చూపించావు" అన్నాడు మొగుడు.

చాలామంది వద్దనే అన్నారు. అయినా బట్టలు మాత్రం ఇచ్చి వెళ్ళారు. అడిగారన్న మాటే వాళ్ళకు నచ్చినట్టుంది. ఓ రోజు, ఉద్యోగం మానేసి ఎన్నాళ్ళో అయిన నర్సమ్మ తన తెల్ల యూనిఫాం పట్టుకొచ్చింది.

"బీరువాలో ఊరికే పడుంది. వాడుకో. చచ్చిపోయే వేషానికి మాత్రం వెయ్యకు."

"మీరే వేద్దురుగాని. ఇప్పటికీ మీకు సరిపోతుందా పిన్నిగారూ?"

"బిగుతైతే కుట్లు విప్పు."

ఆ వారమే నర్సమ్మతో షూటింగ్ మొదలుపెట్టారు. సీను ప్రకారం నర్సమ్మ దొంగను చూసి పారిపోవాలి. ఆవిడ పారిపోలేదు. చెప్పు తీసుకుని దొంగ వెంటపడింది. దొంగ వేషంలో ఉన్న మరిది నిజంగానే పరుగు లంకించుకున్నాడు. మొగుడు బండి తోసుకుంటూ వాళ్ళ వెనక పరిగెత్తాడు.

"ఆపమంటావా?" అని అరిచాడు.

"నీ మొహం, తియ్యి" అంది లాండ్రీ ఆవిడ, బండికో చెయ్యి వేసి తోస్తూ.